బానిసలకు స్వేచ్ఛ, యజమానులకు పరిహారం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: బ్రిటన్ 1833లోనే బానిసత్వాన్ని రద్దు చేసి ప్రపంచానికి దారి చూపిందని చదువుకున్నాం. అయితే అందుకోసం చేసిన అప్పును అక్కడి ప్రభుత్వం 2015 దాకా తీరుస్తూనే ఉందని ఈ మధ్య తెలిసి ఆశ్చర్యపోయాను. ఇది నిజమేనా? ఆ డబ్బు ఎవరికి చేరింది?
– ఒక చరిత్ర విద్యార్థి

జవాబు: నిజమే. అయితే ఆ డబ్బులో ఒక్క పెన్నీ కూడా బానిసలకు చేరలేదు. పార్లమెంటు 1833లో చేసిన చట్టం 1834 ఆగస్టు 1న అమలులోకి వచ్చింది. కరీబియన్ దీవులు, మారిషస్, దక్షిణాఫ్రికాలోని కేప్ వలసప్రాంతం అన్నీ కలిపి సుమారు 8 లక్షల మంది దాని పరిధిలోకి వచ్చారు. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో ఉన్న భూభాగాలను మాత్రం ఆ చట్టం మినహాయించింది. అక్కడ బానిసత్వానికి చట్టపరమైన గుర్తింపు తొలగడానికి 1843 దాకా ఆగవలసి వచ్చింది. మనుషులను ఆస్తిగా లెక్కించిన రాజ్యం, ఆ ఆస్తి చేజారుతున్నందుకు యజమానులకు నష్టం కలుగుతుందని భావించి వారికి 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. అది అప్పటి ప్రభుత్వ వార్షిక వ్యయంలో దాదాపు 40 శాతం. అందులో కోటిన్నర పౌండ్లను నేథన్ రోత్‌షీల్డ్, మోజెస్ మాంటిఫియోరీల నాయకత్వంలోని బ్యాంకర్ల బృందం నుంచి అప్పుగా తీసుకున్నారు. ఆ రుణం క్రమంగా ఇతర ప్రభుత్వ రుణపత్రాలలో కలిసిపోయి, వాటిలో చివరివాటికి 2015లో సొమ్ము చెల్లించి రద్దు చేసేదాకా ఖజానా పద్దుల్లో మిగిలే ఉంది.

చట్టం వచ్చిన మర్నాటి నుంచే బానిసలు స్వతంత్రులయ్యారని అనుకోవడం కూడా పొరపాటే. ఆరేళ్ల వయసు దాటిన వారందరినీ 'శిక్షణార్థులు' అనే పేరుతో పాత యజమాని దగ్గరే ఉంచి, పొలం పనివారి చేత వారానికి 45 గంటల దాకా జీతం లేకుండా పని చేయించుకోవడానికి చట్టం అనుమతించింది. ఊహ తెలిసినప్పటి నుంచి చెరకు నరుకుతున్న మనిషికి ఆ పనిలో ఇంకా నేర్పవలసిన శిక్షణ ఏముంటుంది? తీవ్రమైన నిరసనల మధ్య ఈ పద్ధతి గడువు కంటే ముందే, 1838లో ముగిసింది. అంటే యజమానులకు నగదూ దక్కింది, దానికి తోడు నాలుగేళ్ల ఉచిత శ్రమా దక్కింది.

పరిహారం పొందినవారిలో జాన్ గ్లాడ్‌స్టన్ ఒకరు. ఆ తరువాత బ్రిటన్‌కు ప్రధానమంత్రి అయిన విలియం గ్లాడ్‌స్టన్‌కు ఆయన తండ్రి. రెండున్నర వేల మందికి పైగా బానిసల మీద హక్కుదారుగా ఆయనకు లక్ష పౌండ్లకు మించిన మొత్తం అందింది. బానిసలు వెళ్లిపోతే తన గయానా తోటలలో చెరకు నరికేవారు ఉండరని భావించి, 1838లో కలకత్తా నుంచి ఒప్పంద కూలీలను ఓడల్లో రప్పించిన వారిలో కూడా ఆయన ముందు వరుసలో ఉన్నారు. ఒక అన్యాయం ముగిసిన చోటే రెండవది ఎలా మొదలైందో ఈ ఒక్క కుటుంబపు పద్దులు చూసినా అర్థమవుతుంది.

అయితే లబ్ధిదారులందరూ ఇలాంటి పెద్ద తోటల యజమానులే కారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు ఆనాటి పరిహార దరఖాస్తులను ఒక్కొక్కటిగా పరిశీలించి, అందరికీ అందుబాటులో ఉండే జాబితాగా 2013లో వెలువరించారు. అందులో మతాచార్యులు ఉన్నారు, ఇంగ్లండు దాటి ఎన్నడూ వెళ్లని వితంతువులు ఉన్నారు, భర్త ఆస్తిగానో తండ్రి వీలునామాగానో నలుగురైదుగురు మనుషులు 'సంక్రమించిన' సాధారణ కుటుంబీకులూ ఉన్నారు. ఇంటి గడప దాటకుండానే వేల మైళ్ల దూరంలోని బానిస శ్రమ మీద బతకడం ఎంత మామూలు విషయంగా ఉండేదో ఆ జాబితా చెబుతుంది. నన్నడిగితే, బానిసత్వాన్ని గురించి ఇటీవల జరిగిన పరిశోధనలలో ఇంత విలువైనది మరొకటి కనిపించదు.

ఇన్ని తెలిసిన తరువాత కూడా, 2018 ఫిబ్రవరిలో బ్రిటిష్ ఆర్థిక శాఖ ఒక ట్వీటులో, పన్నులు కట్టిన లక్షలాది పౌరులు బానిస వ్యాపారాన్ని అంతం చేయడానికి తోడ్పడ్డారని గర్వంగా ప్రకటించి, విమర్శలు వెల్లువెత్తడంతో దాన్ని తొలగించింది. ఆ పన్నులు కట్టినవారిలో కరీబియన్ దీవుల నుంచి వచ్చి బ్రిటన్‌లో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తమ పూర్వీకులను బానిసలుగా ఉంచుకున్నవారికి ఇచ్చిన పరిహారపు అప్పును వారు కూడా తమ జీతాల నుంచి తీర్చారన్నమాట.

ఇక దారి చూపినవారెవరన్న మాట. జమైకాలో 1831 క్రిస్మస్ రోజుల్లో శామ్యూల్ షార్ప్ అనే, తానూ బానిసే అయిన మతబోధకుడు, కూలి ఇస్తే తప్ప పనిలోకి దిగేది లేదని వేలాది మందిని కూడగట్టారు. అది తిరుగుబాటుగా మారింది. దాన్ని అణచివేసిన తరువాత మూడు వందల మందికి పైగా బానిసలను చంపారు, 1832లో షార్ప్‌ను ఉరితీశారు. ఆ మరుసటి ఏడాదే రద్దు చట్టం వచ్చింది. పార్లమెంటులో దశాబ్దాల పాటు పోరాడిన విల్బర్‌ఫోర్స్ గొప్పతనాన్ని తగ్గించవలసిన అవసరం లేదు. కాని పాఠ్యపుస్తకాలలో ఆయన పక్కన షార్ప్‌కు కూడా చోటుండాలి. జమైకా ఆయనను జాతీయ వీరునిగా గుర్తించి, తన కరెన్సీ నోటు మీద ఆయన బొమ్మ వేసుకుంది.

ప్రశ్న: బానిస వ్యాపారుల విగ్రహాలను కూలదోస్తే చరిత్ర మారుతుందా? నచ్చని గతాన్ని కంటికి కనపడకుండా చేయడం కూడా మరపే కదా?
– విశ్రాంత ఉద్యోగి

జవాబు: మీ ఆందోళన అర్థం చేసుకోదగినదే. అయితే ఆ విగ్రహం ఎప్పుడు, ఎందుకు వెలిసిందన్నది ముందు చూడాలి. బ్రిస్టల్ నగరంలో 2020 జూన్ 7న నిరసనకారులు పడగొట్టి రేవు నీటిలో పడేసిన ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్నే తీసుకుందాం. ఆయన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో ఉన్నత పదవి నిర్వహించారు. ఆ కాలంలో ఆ కంపెనీ ఓడలు సుమారు 84 వేల మంది ఆఫ్రికన్లను అట్లాంటిక్ మీదుగా తరలించాయని, వారిలో దాదాపు 19 వేల మంది దారిలోనే చనిపోయారని చరిత్రకారుల అంచనా. కోల్‌స్టన్ 1721లో మరణించగా విగ్రహం నిలబెట్టింది 1895లో, అంటే సాక్షాత్తూ బ్రిటనే బానిసత్వాన్ని రద్దు చేసిన ఆరు దశాబ్దాల తరువాత. ఆయన దానధర్మాలను కొనియాడుతూ, సద్గుణశీలి, వివేకవంతుడు అని కింద ఫలకం చెక్కించారు. బానిసల ప్రస్తావన అందులో లేదు. ఆ వ్యాపారాన్ని కూడా పేర్కొనే రెండో ఫలకం పెట్టాలని తరువాతి కాలంలో ప్రయత్నించినప్పుడు, అందులోని మాటల మీద వాదోపవాదాలు తెగక అది మూలపడింది.

కనుక మరపు మొదలైనది 1895లో అనే నా అభిప్రాయం. నీటిలో నుంచి పైకి తీసిన విగ్రహం ఇప్పుడు నగర మ్యూజియంలో, నిరసనకారులు చల్లిన రంగు మరకలతో సహా, వెల్లకిలా పడుకోబెట్టి ఉంది. దాని చరిత్ర మునుపటికన్నా ఇప్పుడే ఎక్కువ మందికి తెలిసింది. విగ్రహాన్ని పడగొట్టిన కేసులో విచారణ ఎదుర్కొన్న నలుగురిని 2022 జనవరిలో జ్యూరీ నిర్దోషులుగా ప్రకటించింది. గుంపులు పడగొట్టడం కంటే నగరపాలకులే చర్చించి తొలగించి ఉంటే మేలయ్యేది. అందుకు వారికి ఏళ్ల తరబడి సమయం ఉంది.

ప్రశ్న: ఆఫ్రికా రాజులే తమ ప్రజలను అమ్ముకున్నారు కదా, యూరప్‌ను మాత్రమే ఎందుకు నిందిస్తారు?
– ఒక పాఠకుడు

జవాబు: అమ్మిన రాజ్యాలు ఉన్నాయి. ఇప్పటి బెనిన్ దేశంలో ఉన్న నాటి దహోమే రాజ్యం యుద్ధాలలో పట్టుకున్నవారిని విదా రేవు నుంచి అమ్మి బలపడింది. అయితే వారు అమ్మినవారిలో అత్యధికులు 'తమ ప్రజలు' కారు, ఓడిపోయిన ఇరుగుపొరుగు జనులు. ఆ దేశాధ్యక్షుడు మాథ్యూ కెరెకు 1999లో అమెరికా వెళ్లి నల్లజాతివారి చర్చిలో క్షమాపణ చెప్పుకున్నారు; బానిసల వారసులకు పౌరసత్వం ఇచ్చే చట్టాన్ని బెనిన్ 2024లో చేసింది. అమ్మకందారు తన వంతు తప్పు ఒప్పుకున్నాడు కదా అని కొనుగోలుదారు బాధ్యత తగ్గదు. సుమారు ఒక కోటి 25 లక్షల మందిని ఓడలకెక్కించిన పెట్టుబడి, బీమా, తోటలు, చక్కెర మార్కెట్ అన్నీ అట్లాంటిక్ వ్యాపారానివే.

ప్రశ్న: మా తరగతిలో ఒక పిల్లవాడు, "బానిసల పేర్లు మనకెందుకు తెలియవు?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు.
– ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు

జవాబు: పేర్లు రాయకపోవడం ఆ వ్యవస్థలో భాగమని ఆ పిల్లవాడికి చెప్పండి. అమెరికాలో 1850, 1860 జనాభా లెక్కలలో బానిసల కోసం వేరే పట్టికలు ఉండేవి. వాటిలో యజమాని పేరు పూర్తిగా ఉంటుంది. దాని కింద వరుసగా వయసు, ఆడా మగా, ఒంటి రంగు మాత్రమే ఉంటాయి. ముప్పై ఏళ్ల మగవాడు, ఇరవై ఆరేళ్ల స్త్రీ, నాలుగేళ్ల ఆడపిల్ల అన్నట్లుగా సాగే ఆ గళ్లలో అత్యధికుల పేర్లు కనిపించవు. విముక్తులైనవారందరి పేర్లూ 1870 లెక్కలలో గాని నమోదు కాలేదు. అందుకే నల్లజాతి అమెరికన్లు తమ వంశ చరిత్రను వెనక్కి వెతుక్కుంటూ వెళితే చాలామందికి ఆ సంవత్సరం దగ్గర దారి మూసుకుపోతుంది.

దాన్ని దాటిచూడడానికి విముక్తులే వదిలివెళ్లిన కొన్ని ఆధారాలు ఉన్నాయి. అంతర్యుద్ధం ముగిశాక, అమ్మకాలలో చెల్లాచెదురైన తల్లులను, పిల్లలను, తోబుట్టువులను వెతుకుతూ వేలాది మంది పత్రికలలో ప్రకటనలు వేయించారు. న్యూ ఆర్లియన్స్ నుంచి వెలువడిన ఒక క్రైస్తవ పత్రిక 1870ల చివరి నుంచి ఇందుకోసం ఏకంగా ఒక శీర్షికనే నడిపింది. ఆ ఉత్తరాలను చర్చిలో అందరికీ వినిపించమని పాస్టర్లను కోరేది. విడిపోయి ముప్పై నలభై ఏళ్లయిన తల్లి పేరు, ఆమెను కొన్న యజమాని పేరు, ఆఖరిసారి చూసిన ఊరు, ఇంతే ఆ ఉత్తరాల సారం. అర్థం చేసుకోగల వయసు పిల్లలైతే వాటిలో ఒకటి రెండు చదివి వినిపించండి. అంకెల కన్నా అవి బాగా బోధిస్తాయి. విముక్తుల పొదుపు కోసం 1865లో పెట్టిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు 1874లో దివాలా తీసి పేదల కష్టార్జితాన్ని ముంచింది గాని, ఖాతా తెరిచేటప్పుడు ఖాతాదారుల కుటుంబ సభ్యుల పేర్లు రాసుకున్న దాని రిజిస్టర్లు మాత్రం నేటికీ వారసులకు ఉపయోగపడుతున్నాయి.

అమెరికా ఖండాలలో అందరికంటే ఆలస్యంగా, 1888 మే 13న బానిసత్వాన్ని రద్దు చేసిన బ్రెజిల్‌లో కథ మరోలా నడిచింది. రెండేళ్ల తరువాత ఆర్థిక మంత్రి రుయ్ బార్బోజా ప్రభుత్వ శాఖలలోని బానిసత్వ పత్రాలను తగలబెట్టమని ఆదేశించారు. పాత యజమానులు పరిహారం అడగడానికి ఆధారం లేకుండా చేయడమే ఆయన ఉద్దేశమని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. దానితోపాటు బానిసల ఆనవాళ్లు కూడా కొన్ని బూడిదయ్యాయి. రియో నగరంలో లక్షలాది మంది బానిసలు దిగిన వలోంగో రేవును కొత్త మహారాణికి స్వాగతం పలకడానికి 1843లో కొత్త రాతి కట్టడంతో కప్పేశారు. రేవు ప్రాంతంలో నిర్మాణ పనుల కోసం 2011లో తవ్వినప్పుడు ఆ రాళ్లు బయటపడ్డాయి, వాటితోపాటు పూసలు, తాయెత్తులు, ఉంగరాలు దొరికాయి. ఓడ దిగినవారు పోగొట్టుకున్నవో దాచుకున్నవో ఇప్పుడు చెప్పలేం. యునెస్కో 2017లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. బ్రెజిల్ నల్లజాతి ఉద్యమాలు రద్దు చట్టం మీద బ్రెజిల్ రాకుమారి సంతకం చేసిన మే 13కు బదులుగా, పారిపోయిన బానిసల స్వతంత్ర సమాజానికి నాయకుడైన జుంబీ 1695లో హతుడైన నవంబరు 20ని తమ రోజుగా జరుపుకుంటూ వచ్చాయి. ఇప్పుడది జాతీయ సెలవు దినం.

ప్రశ్న: రెండు వందల ఏళ్ల కిందటి సంగతికి ఇప్పుడు నష్టపరిహారం అడగడం ఆచరణ సాధ్యమా? ఎవరు ఎవరికి ఇవ్వాలి?
– ఒక న్యాయవాది

జవాబు: కొన్ని సందర్భాలలో లెక్క కష్టమే. కరీబియన్‌లో ఒకప్పుడు ఫ్రెంచి వలసగా ఉన్న హైటీ విషయంలో అంత కష్టం లేదు, ఎందుకంటే ఇచ్చినవారెవరో పుచ్చుకున్నవారెవరో కాగితాల మీదే ఉంది. అక్కడి బానిసలు 1791లో తిరగబడి, నెపోలియన్ సైన్యాన్ని సైతం ఓడించి 1804 జనవరి 1న స్వతంత్ర రాజ్యం స్థాపించుకున్నారు. ఫ్రాన్స్ 1825లో యుద్ధనౌకలను పంపి, గుర్తింపు కావాలంటే పాత తోటల యజమానుల నష్టానికి 15 కోట్ల ఫ్రాంకులు చెల్లించాలని షరతు పెట్టింది. మొదటి వాయిదా కట్టడానికే హైటీ ఫ్రెంచి బ్యాంకర్ల దగ్గర 3 కోట్లు అప్పు చేయగా, కమిషన్లు మినహాయించుకుని వారు చేతికిచ్చింది 2 కోట్ల 40 లక్షలు. మొత్తాన్ని 1838లో 9 కోట్లకు తగ్గించినా, దాని నుంచి పుట్టిన అప్పులు తీరేసరికి 1947 వచ్చింది. బడులకు, రోడ్లకు, ఆసుపత్రులకు పోవలసిన కాఫీ పన్నుల ఆదాయం ఒకటి రెండు తరాలు కాదు, అనేక తరాల పాటు సముద్రం దాటిపోయింది.

హైటీ అధ్యక్షుడు అరిస్తీద్ 2003లో ఈ సొమ్మును దాదాపు 2,170 కోట్ల డాలర్లుగా లెక్కగట్టి తిరిగి ఇమ్మని కోరినప్పుడు ఫ్రాన్స్ అంగీకరించలేదు. కరీబియన్ దేశాల కూటమి కారికామ్ 2013లో నష్టపరిహార కమిషన్‌ను ఏర్పాటు చేసుకుంది. ఆ కూటమి అడుగుతున్నవాటిలో డబ్బు ఒక్కటే లేదు. అధికారిక క్షమాపణ, ప్రజారోగ్యానికి సాయం, అక్షరాస్యత, రుణమాఫీ కూడా ఉన్నాయి. వ్యక్తుల నుంచి వ్యక్తులకు చెల్లింపు అని ఊహించుకుంటే మీ ప్రశ్నకు జవాబు దొరకదు. రాజ్యాలు, బ్యాంకులు, కంపెనీలు మాత్రం తరాలు మారినా కొనసాగే సంస్థలు. పాత అప్పును 2015 దాకా గుర్తుపెట్టుకుని తీర్చగలిగిన రాజ్యం, పాత బాకీని కూడా గుర్తుపెట్టుకోగలదు. 1825 నాటి ఆ షరతుకు సరిగ్గా రెండు వందల ఏళ్లు నిండిన 2025 ఏప్రిల్ 17న, ఫ్రెంచి అధ్యక్షుడు మాక్రాన్ ఇరు దేశాల చరిత్రకారులతో సంయుక్త కమిషన్ వేస్తున్నట్లు ప్రకటించారు. సొమ్ము తిరిగి చెల్లిస్తామన్న హామీ మాత్రం ఆ ప్రకటనలో లేదు.