అచ్చుకాని ఫొటోకీ క్యాప్షన్ రాయి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. పత్రికలో చెన్నై సిటీ పేజీకి ఫొటోగ్రాఫరుగా వేశారనీ, రోజూ ప్రెస్ మీట్లు, గోతుల రోడ్లు, గుడి ఉత్సవాలే తీస్తున్నాననీ ఫోన్లో విసుక్కున్నావు. మంత్రిగారు రిబ్బను కత్తిరించే ఫొటో ఆ సాయంత్రానికి ముప్పై మంది దగ్గర ఉంటుంది, మర్నాటికి ఎవరికీ అక్కర్లేదు. అదే వీధిలో పలక మీద టిఫిన్ల ధరలు రాసుకుంటున్న మెస్సాయన ఫొటో సింగిల్ కాలమ్ కూడా దక్కక పడి ఉంటుంది. పదేళ్లకి ఎవరో దాన్నే వెతుక్కుంటూ రావచ్చు, రాకపోనూవచ్చు. ఏది అక్కరకొస్తుందో తీసేటప్పుడు తెలియదు. అందుకని ఈ పని ఎలా చేసుకుంటే మంచిదో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు కాసిమేడు, చెన్నై చేపల రేవు. తూర్పు తీరంలో మరపడవలకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, వేట నిషేధం. ఆఖరి రాత్రి పడవలు కదిలేటప్పుడు ఊళ్లో ఉన్న కెమెరాలన్నీ అక్కడే ఉంటాయి, అందరికీ ఒకే ఫొటో వస్తుంది. నువ్వు మే నెల మధ్యలో వెళ్లు. వలలు బాగుచేసుకుంటూ, ఇంజన్లు విప్పుకుంటూ, చెక్కకి రంగులేసుకుంటూ ఉంటారు. చేతిలో పని ఉన్నా మాట్లాడే తీరిక ఉంటుంది. కెమెరా బయటికి తీయకుండా మొదటి గంట కూర్చో. మన తెలుగు మాట్లాడేవాళ్లు కూడా తగులుతారు, కానీ తమిళం వచ్చినంతలో మాట్లాడు, తప్పులకి వాళ్లే నవ్వి దిద్దుతారు.

అక్కడి చేపల వేలంపాటకైతే తెల్లవారుజామున మూడింటికల్లా ఉండాలి. తెలిసిన ఆటో మాట్లాడుకుని వెళ్లు. అక్కడి దీపాలతో ఒక చిక్కుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులూ చవకరకం ఎల్‌ఈడీలూ సెకనుకి వందసార్లు మినుకుతాయి. కంటికి కనబడదు. షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు పెట్టావంటే ఫొటోకి అడ్డంగా నల్లటి చారలు పడతాయి, లేదా ఒక ఫ్రేము పచ్చగా, తర్వాతది మసకగా వస్తుంది. 1/100కి దిగు, అవసరమైతే 1/50. అప్పుడు చేతులు కదిలిపోతాయి కదా అంటావు. పాట పాడేవాడి చెయ్యి ధర ఖాయమయ్యే క్షణంలో గాల్లో ఆగుతుంది, అక్కడ నొక్కు. ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగుని పట్టే శక్తి, 6400 అన్నా భయపడకు, న్యూస్‌ప్రింటు ఆ గరుకుని మింగేస్తుంది. వెలుగు రాగానే 1/500కి మార్చుకోవడం మరిచిపోకు. ఆ మతిమరుపుతోనే ఉదయం ఫొటోలన్నీ కదిలిపోయి వస్తాయి.

నేలంతా ఐసునీళ్లూ చేపజిగురూ. పట్టున్న రబ్బరు బూట్లు వేసుకో, సంచీ కింద పెట్టకు. తలమీద తట్టలతో వచ్చేవాళ్లు కేకేస్తారుగానీ ఆగరు, స్తంభానికి ఆనుకుని నిలబడు. ఇంటికొచ్చాక కెమెరాని ముందు మంచినీళ్లతో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడు. పొడిగుడ్డతో మొదలుపెడితే ఉప్పు పలుకులు గాజుని గీకేస్తాయి.

చెన్నై చెమ్మ సంగతి వేరే చెప్పాలి. ఏసీ కారులోంచి దిగి లెన్సు మూత తీశావంటే పదిహేను నిమిషాలదాకా పొగమంచే. దిగడానికి ఇరవై నిమిషాల ముందే ఏసీ కట్టించు, లేదా సంచీ జిప్పు మూసి డిక్కీలో పెట్టించు. ఇంట్లో గాలిచొరని డబ్బాలో పావుకిలో సిలికా జెల్ వేసి లెన్సులు పెట్టుకో. నీలం గుళికలు గులాబీరంగుకి తిరిగితే వేయించి మళ్లీ వాడొచ్చు, వంటకి వాడని మూకుట్లో సుమా. తోలు సంచీలో దాచిన లెన్సుకి ఒక్క వర్షాకాలంలో బూజు పడుతుంది.

ఇక క్యాప్షన్. అచ్చయినా కాకపోయినా ఆ రాత్రే ఫైలులో రాసేయి. మనిషి పేరు నీ చెవికి విన్నట్టు రాయకు, నోటుబుక్కిచ్చి వాళ్లచేతే రాయించుకో. తమిళుల పేరు ముందున్న అక్షరం సాధారణంగా తండ్రి పేరులోది, మన డెస్కువాళ్లు దాన్ని ఇంటిపేరనుకుని ఆయన్ని ఆ అక్షరంతోనే పిలిచేస్తారు. ఊరిపేర్లు రెండు రకాలుగానూ రాయి: ట్రిప్లికేన్ అన్నా తిరువల్లిక్కేణి అన్నా ఒకటే, ఎలిఫెంట్ గేటు అన్నా యానైకవుని అన్నా ఒకటే. వెతికేవాడు ఏ పేరుతో వెతుకుతాడో చెప్పలేం. కెమెరా గడియారాన్ని ప్రతి సోమవారం ఫోనుతో సరిచూడు. ఫోల్డరుకి సంవత్సరం, నెల, తేదీ, చోటు ఆ వరసలోనే పేరు పెట్టు. కాపీలు మూడు, అందులో ఒకటి వేరే ఇంట్లో, పై అంతస్తులో. 2015 డిసెంబరులో అడయారు నది పొంగినప్పుడు కింది వాటాలే ముందు మునిగాయి.

ఆ వరదప్పుడే చెంబరంబాక్కం చెరువు పేరు దేశమంతా తెలిసింది. దాని నిండు మట్టం 24 అడుగులు. అదే చెరువు 2019 జూన్‌లో నెర్రెలిచ్చింది, జూలైలో జోలార్‌పేట నుంచి చెన్నై విల్లివాక్కానికి రైల్లో నీళ్లు తెచ్చారు. ఆ రెండు సంవత్సరాల్లోనూ కట్టమీద ఒకేచోట నిలబడి తీసినవాడి దగ్గర జోడీ ఫొటో ఉంటుంది. మిగతావాళ్ల దగ్గర రెండు వేర్వేరు చెరువులున్నట్టు కనబడుతుంది. అందుకని ఒక గుర్తు పెట్టుకో: ఫలానా మెట్టు, 35 ఎంఎం లెన్సు, కంటి ఎత్తు, నెల మొదటి వారం, మూడు ఫ్రేములు, పక్కన కొలబద్ద మీది అడుగులు. పదకొండు నెలలు ఎవరూ అడగరు, వరదో కరువో వచ్చిన నెలలో అడుగుతారు. పూండి జలాశయానికీ అలాగే వెళ్లిరా. కండలేరు నుంచి తెలుగుగంగ నీళ్లు చేరేది అక్కడికే కాబట్టి నెల్లూరు పేజీవాళ్లకీ ఆ ఫొటో కావాలి. నగరంలో పళ్లికరణై చిత్తడి అంచు, నేపియర్ వంతెన దగ్గర కూవం, మెట్రో తవ్విన పానగల్ పార్కు, ఇలా ఐదు చోట్లు ఎంచుకో.

తిరుమలకి వెళ్లే తిరుక్కుడై, అంటే స్వామివారి గొడుగుల, ఊరేగింపులో ఒక్కటే జాగ్రత్త. ఫ్రేమంతా తెల్ల గొడుగులే నిండితే కెమెరా వాటిని బూడిదరంగుకి దించేస్తుంది, వెలుగుని ఒక స్టాపు, అంటే రెట్టింపు, పెంచు.

నువ్వు ఎవరి ఫొటోలు తీశావో వాళ్లకి నెలకో పది ప్రింట్లు వేయించి ఇవ్వు, 6×8 సైజు చాలు. వాట్సాప్‌లో పంపింది మర్నాటికి కిందికి జారిపోతుంది, ప్రింటు దుకాణం గోడెక్కుతుంది. వెనకాల నీ నంబరు రాయి. పడవ మునిగినా గోడ కూలినా నీకే ముందు ఫోనొస్తుంది. “పేపర్లో వస్తుంది” అని మాత్రం ఎవరికీ చెప్పకు, డెస్కు నీ చేతిలో లేదు. “వేస్తే కాపీ తెస్తాను” అను.

పిల్లల విషయంలో తొందరపడకు. నేరం కేసుల్లో బాధితులైనా, సాక్షులైనా, నిందితులైనా పిల్లల ముఖం, బడి, ఇల్లు గుర్తుపట్టేలా వేయకూడదు, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను అది. యూనిఫాం మీది బ్యాడ్జీ కూడా పట్టిచ్చేస్తుంది.

ఉద్యోగపు కాగితాలు చదివే సంతకం పెట్టావా? కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం పత్రిక ఉద్యోగిగా తీసిన ఫొటోకి పత్రికల్లో అచ్చువేసుకునే హక్కు యజమానిది, మిగతా వాడకాలకి హక్కు తీసినవారిది. అయితే ఒప్పందంలో వేరేగా ఉంటే అదే చెల్లుతుంది. “సర్వహక్కులు” అన్న మాట ఎక్కడుందో చూసి నాకు చెప్పు. పుస్తకాలవాళ్లో మ్యూజియంవాళ్లో పదేళ్లకి ఆ మెస్సాయన ఫొటో అడిగితే డబ్బు ఎవరికి వెళ్లేదీ తేల్చేది ఆ వాక్యమే.

ఆ ఐదు చోట్లూ ఏవి ఎంచుకున్నావో వచ్చే ఉత్తరంలో రాయి. కట్టమీద ఏ మెట్టో కూడా.

ఇట్లు,
మామయ్య