హెక్స్ వార్‌గేమ్‌లో అసాల్ట్ ఓడిపోతే పాచికను తిట్టకండి

"బలం ఎక్కువున్నా అసాల్ట్‌లో ఎప్పుడూ నేనే ఓడిపోతున్నాను, ఇదంతా పాచిక అదృష్టమేనా?" అని అడిగారు. కాదండీ. హెక్స్ వార్‌గేమ్ అంటే షడ్భుజి గళ్ల మ్యాప్ మీద ఆడే యుద్ధం ఆట, అసాల్ట్ అంటే అందులో శత్రువు దళం మీద దాడి. మా ఆటలో దాడి చేసేవాడి బలాన్ని ఎదుటివాడి బలంతో భాగించి, ఆ నిష్పత్తి వరసలో పాచిక ఫలితం చూస్తాం. పాచికను తిట్టేవాళ్లలో చాలామంది భాగహారం సరిగ్గా చెయ్యనివాళ్లే. నేనూ అదే బాపతు.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా బావ కోనసీమ మ్యాప్ మీద షడ్భుజి గళ్లు గీసి, పాత శుభలేఖల అట్టలు కత్తిరించి దళాలు చేశాడు. ఇక్కడి తేమకి ఆ అట్టలు అప్పడాల్లా ఉబ్బిపోతాయి, అది వేరే ఏడుపు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక మా వైపు కాలవ తగలని గడి ఎక్కడుంది? నన్ను ముంచింది అదే.

ఒక తుఫాను రాత్రి కరెంటు లేదు. ఛార్జింగ్ లైటు పెట్టుకుని సావిట్లో ఆడుతున్నాం. కాలవ అవతల బావ దళం ఒక్కటే, బలం 4. ఇవతల ఒడ్డున నావి మూడు: 8, 8, 6. మొత్తం 22, అంటే ఐదు రెట్లు పైనే! "అసాల్ట్" అని అరిచాను.

"ఒరేయ్, కాలవ దాటి వస్తున్నావు. సగం తీసెయ్" అన్నాడు బావ తాపీగా.

మిగిలింది 11. నాలుగుతో భాగిస్తే రెండుముప్పావు. "మూడనుకో బావా, పావే కదా" అని బతిమాలాను. ఒప్పుకోలేదు. చాలా ఆటల్లో ఆ చిల్లర డిఫెండర్‌కే, అంటే దాడిని ఎదుర్కొనేవాడికే లాభం, 2:1 కిందే లెక్క. పాచిక వేస్తే 5 పడింది. మా పట్టికలో 2:1 వరసకి 5 అంటే దాడి చేసినవాడే వెనక్కి. 3:1 వరసలో అదే 5కి బావ వెనక్కి పోవాలి! ఇంకో 2 బలం ఉంటే 24లో సగం 12, సరిగ్గా మూడు రెట్లు. 2 బలమున్న నా ఇంకో దళం వెనక గడిలో ఊరికే కూర్చుంది. దాన్ని ముందే జరుపుకోవాలని నాకు తట్టనే లేదు.

అన్ని ఆటలూ ఇలాగే ఉండవు లెండి. 1985 నాటి అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ అనే ఆటలో ఒకే గడిలో కలియబడితే, మాటువేసి కొట్టడం లాంటి సందర్భాల్లో తప్ప, ఇద్దరి దెబ్బలూ ఒకేసారి లెక్క. చచ్చేవాడూ కొట్టే చస్తాడు. నాకైతే అదే న్యాయం అనిపిస్తుంది. మీ ఆట పేరు మీరు చెప్పలేదు కాబట్టి ముందు దాని రూల్స్‌లో నది, కాలవ అన్న చోట్లు చదువుకోండి.

ఇంకో ఆట ఆడదాం అంటుండగానే కరెంటొచ్చింది. స్విచ్ వేసే ఉన్న ఫ్యాను తిరిగేసరికి రెండు సైన్యాలూ మంచం కింద తేలాయి. నా 8 బలం దళం ఒకటి ఇప్పటికీ దొరకలేదు. బావ దాన్ని చచ్చినవాళ్ల లెక్కలో రాసుకున్నాడు.