కార్డు కంటే ముందు భూతద్దం కొనండి

ప్రశ్న: నమస్తే అండి, మేం డాలస్‌లో ఉంటాం. మా ఆఫీసులో ఒకతను 1986 ఫ్లీర్ (కార్డులు అచ్చేసే కంపెనీ) మైఖేల్ జోర్డన్ కార్డు, అదే అభిమానులు దాచుకునే ఆటగాళ్ల బొమ్మల కార్డు, తక్కువకి ఇస్తానంటున్నాడు, బాస్కెట్‌బాల్ అయితే చూస్తాను గానీ కార్డుల సంగతి ఓనమాలు కూడా రావు. ఇన్వెస్ట్‌మెంట్‌గా కొనేయొచ్చా?

జవాబు: ఆగండాగండి. తక్కువకి అన్నాడంటేనే డౌటు, ఆ కార్డుకి నకిలీలు బోలెడు. భూతద్దం పెట్టి చూడండి, ఫొటో చుక్కలు చుక్కలుగా ఉండటం మామూలే, కానీ నల్ల అక్షరాలు ఒరిజినల్లో నిండుగా ఉంటాయి, అక్కడా చుక్కలుంటే స్కాన్ చేసి కొట్టిందేమో అనుకోవాల్సిందే. సైజు కూడా కొలవండి, రెండున్నర బై మూడున్నర అంగుళాలు ఉండాలి, అంచులు కొత్తగా కనబడాలని కత్తిరించేవాళ్లుంటారు మరి. పీఎస్‌ఏ (కార్డు అసలుదో కాదో చూసి, కండిషన్‌కి పదికి ఇన్ని అని గ్రేడ్ ఇచ్చే కంపెనీ) డబ్బాలో ఉంటే దాని మీదున్న నంబర్ వాళ్ల సైట్లో చూడండి, అసలు నంబరు కాపీ కొట్టి నకిలీ డబ్బాలు కూడా చేస్తున్నారు కాబట్టి ఆ సైట్లో ఫొటో ఉంటే దాంతో కూడా పోల్చుకోండి.

ఇక రేటంటారా, ఇదే కార్డు గ్రేడ్ 10ది, అంటే పదికి పది వచ్చింది, 2021 జనవరిలో 7,38,000 డాలర్లకి అమ్ముడైంది, కొన్ని నెలల్లోనే సగానికి పైగా పడిపోయింది. అందుకే ఈబేలో అడుగుతున్న రేటు కాదు, అమ్ముడైన రేట్లు చూడాలి, అదీ అదే గ్రేడ్‌వి. పాతదైతే చాలనుకోకండి, నేనూ అలాగే 1989, 90 బేస్‌బాల్ కార్డులు ఒక అట్టపెట్టెడు కొన్నా, అప్పట్లో లెక్కాపత్రం లేకుండా అచ్చేశారని తర్వాత తెలిసింది, ఇప్పుడవి మా అబ్బాయి పేకమేడలు కట్టుకోవడానికి పనికొస్తున్నాయి.