డాప్లర్‌లో (రక్తప్రసరణను రంగుల్లో చూపే స్కాన్) రక్తప్రసరణ కనిపిస్తే పాపకు అండాశయం మెలిక పడలేదని అనుకోవచ్చా?

అనుకోకూడదు, స్కాన్‌లో రక్తప్రసరణ కనిపించినా మెలిక పడి ఉండొచ్చు. అండాశయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది: దాని సొంత ధమని, గర్భాశయ ధమని కొమ్మ. మెలిక పడితే ముందు నొక్కుకుపోయేవి గోడలు పలచగా ఉండే సిరలు. రక్తం లోపలికి వస్తూనే ఉంటుంది, బయటికి పోదు, అండాశయం ఉబ్బిపోతుంది. అందుకే డాప్లర్ రంగుల కన్నా రెండు వైపుల సైజు తేడానే నమ్మాలి.

ఉదాహరణకు, ఏటూరునాగారంలో పదేళ్ల పాపకు ఉన్నట్టుండి కుడి పొత్తికడుపులో నొప్పి, వెంటనే వాంతులు. స్కాన్‌లో కుడి అండాశయం ఎడమదానికి మూడింతలుంది, లోపలి చిన్న నీటిబుడగలు (అండాలు పెరిగే సంచులు) అంచుకు నెట్టుకుపోయాయి, రక్తప్రసరణ మాత్రం ఉంది. రేపటి స్కాన్ దాకా ఆగొద్దు. ఏమీ తినిపించకుండా, తాగించకుండా పిల్లల సర్జన్ ఉన్నచోటికి, అంటే వరంగల్‌కు, వెంటనే బయల్దేరాలి; దారికే గంటలు పోతాయి. అక్కడ లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌తో, మెలిక విప్పుతారు.

అండాశయం నల్లబడితే చచ్చిపోయినట్టే, తీసేయాలి అనేది పెద్ద అపోహ. ఆ నలుపు చాలావరకు లోపల నిలిచిపోయిన రక్తానిది. విప్పి అలాగే ఉంచితే ఎక్కువమంది పిల్లల్లో అండాశయం కోలుకుంటుంది, కొన్ని వారాలకు స్కాన్‌లో ఆ బుడగలు మళ్లీ కనిపిస్తాయి. సంతకం పెట్టేముందు "అండాశయం ఉంచుతారు కదా సార్?" అని తప్పకుండా అడగండి.