ఎర్రగుంట్ల దుమ్ములో నాలుగేళ్ల పాపతో ఉండవచ్చా?

మీ ఆయనకు కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర ఉద్యోగం వచ్చిందని, పాపకు ఇప్పటికే తరచూ దగ్గు వస్తోందని, మాస్కు పెడితే సరిపోతుందా అని అడిగారు. ఆ పక్క పల్లెలో పదకొండేళ్లు కాపురం చేశాను. మా వాడికి ఆయాసం మొదలైంది అక్కడే.

మా మిద్దె ఎక్కితే సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపించేది. చలికాలం మంచుకు తడిసిన దుమ్ము తెల్లారేసరికి స్కూటర్ సీటు మీద, పెరట్లో కరివేపాకు ఆకుల మీద గట్టిపడి, గోటితో గీకితే పెచ్చులుగా లేచేది. దాన్ని కడుక్కోవడమే నా బాధ అనుకున్నా. కానీ కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. బొగ్గు మంట నుంచి, లారీల పొగ నుంచి వచ్చే 2.5 మైక్రాన్ల లోపు రేణువులు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. అవి ఊపిరితిత్తుల అడుగు దాకా పోతాయి, రక్తంలోనూ కలుస్తాయి.

మా వాడికి రాత్రి రెండు గంటలకు దగ్గు లేచేది, ఛాతీలో పిల్లికూతలు. జలుబే కదా అని రెండు చలికాలాలు సిరప్‌లతో గడిపాం. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. చివరికి కడపలో పిల్లల డాక్టరు వాడి చొక్కా విప్పి, ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకోవడం చూపించారు. స్పేసరుతో, అంటే మందు పీల్చడానికి తగిలించే గొట్టంతో, ఇన్‌హేలర్ రాశారు. అలవాటైపోతుందని మా అత్త ఒప్పుకోలేదు. అది అపోహ. మందు నేరుగా శ్వాసనాళాలకే చేరుతుంది కాబట్టి తక్కువ మోతాదు చాలు. మీరు ఊరు మారకముందే పాపను ఒకసారి డాక్టరుకు చూపించండి.

"గాలి ప్రమాణాల లోపలే ఉంది" అని అక్కడ ఎవరైనా ధైర్యం చెబితే నిశ్చింతగా ఉండకండి. ఈ సన్న రేణువులకు మన దేశంలో ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5. పిల్లల ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూ ఉంటాయి, వాళ్లకు 40 అంటే చాలా ఎక్కువ.

మాస్కు సంగతి. గుడ్డ మాస్కు ఆ రేణువులను పెద్దగా ఆపదు. ఎన్-95 ఆపుతుంది గానీ నాలుగేళ్ల పిల్ల ముఖానికి అది సరిగ్గా అతుక్కోదు, ఎంతసేపు ఉంచుకుంటుంది? అంతకంటే ఇల్లు ఎక్కడ తీసుకుంటారన్నదే ముఖ్యం. నన్నడిగితే ప్రొద్దుటూరులో కాస్త లోపలి వీధిలో ఉండి, మీ ఆయన రోజూ వెళ్లి రావడం మేలు. ఎర్రగుంట్లలోనే తప్పదంటే లారీలు తిరిగే రోడ్డు పక్కన మాత్రం వద్దు. చీపురుతో ఊడిస్తే దుమ్ము మళ్లీ లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. చలికాలం పొద్దున్నే చల్లగాలి కిందే నిలిచిపోయి పొగ పైకి పోదు. ఎండ బాగా వచ్చాకే పాపను ఆటకు వదలండి. మీ ఆయన డ్యూటీ నుంచి రాగానే స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే పాపను ఎత్తుకోవాలి.

ఆయాసంతో పాప మాట పూర్తిచేయలేకపోయినా, పక్కటెముకల మధ్య అలా గుంజుకుంటున్నా తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.