ఏ భాషలో రాస్తే అన్ని కంప్యూటర్లలోనూ నడుస్తుంది?

ప్రశ్న: ఎరువులు, విత్తనాల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను సీ షార్ప్‌లో, విండోస్ ఫామ్స్‌తో రాసి ఇస్తుంటాను. ఇప్పుడు ఒక యజమాని అదే సాఫ్ట్‌వేర్ లినక్స్ కంప్యూటర్‌లోనూ, కుమారుడి మ్యాక్‌లోనూ, గుమాస్తా ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ కావాలంటున్నారు. జావాలో తిరగరాయమని ఒక మిత్రుడు, పైథాన్ అని మరొకరు, గో అని ఇంకొకరు అంటున్నారు. ఏది ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: భాషను మార్చనవసరం లేదు, మార్చవలసింది తెరలను. 2002లో మైక్రోసాఫ్ట్ వారి డాట్ నెట్ వేదికతో పాటు వచ్చిన సీ షార్ప్‌ను చాలాకాలం విండోస్ భాషగానే చూశారు గానీ, 2016లో డాట్ నెట్ కోర్ విడుదలైనప్పటి నుంచి మైక్రోసాఫ్టే దాన్ని లినక్స్‌కూ, మ్యాక్‌కూ అందిస్తోంది. మీ తెరలను గీసే విండోస్ ఫామ్స్ మాత్రం నేటికీ విండోస్ దాటలేదు. అందువల్ల జీఎస్టీ లెక్క, సరుకు నిల్వ, ఖాతాదారుల బాకీలు చూసే కోడ్‌ను దాదాపు యథాతథంగా ఉంచుకోవచ్చు, అది బటన్ క్లిక్ ఫంక్షన్లలో ఇరుక్కుపోకుండా విడిగా ఉంటే. (మనలో చాలామంది రాసేది సరిగ్గా అక్కడే కాబట్టి, ముందుగా ఆ కోడ్‌ను వేరుచేసే పని తప్పకపోవచ్చు.)

మీ మిత్రులు చెప్పినవాటిలో అసత్యం లేదు, కానీ ప్రతిదానికీ ఒక షరతు ఉంది. ఒకసారి రాస్తే ఎక్కడైనా నడుస్తుందన్న నినాదంతో 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ విడుదల చేసిన జావా సర్వర్లలో ఆ మాట నిలబెట్టుకుంది. అయితే డెస్క్‌టాప్ కోసం స్వింగ్‌ (జావాలో తెరలు గీసే లైబ్రరీ)లో గీసిన తెరలు ఆండ్రాయిడ్‌లో పనిచేయవు, వాటిని మళ్లీ రాయాల్సిందే. గోలో విండోస్ కంప్యూటర్ ముందు కూర్చునే లినక్స్‌కు కావలసిన ఫైల్‌ను తయారుచేసుకోవచ్చు, ఇది నిజంగా గొప్ప సౌకర్యం. కానీ ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ కోసం ఎక్కువమంది వాడే గో డ్రైవర్ సీ కోడ్‌పై ఆధారపడినందున, దాన్ని చేర్చుకోగానే ఆ సౌకర్యం చాలావరకు పోతుంది. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7లో నడవదు. పాత కంప్యూటర్లను ఇంకా వాడే దుకాణాల్లో ఇది చిన్న విషయం కాదు.

నిజానికి సీ నడిచినన్ని రకాల ప్రాసెసర్లపై మరే భాషా నడవదేమో. అయినా అందులో 'లాంగ్' అనే సంఖ్య 64 బిట్ విండోస్‌లో 32 బిట్లు, 64 బిట్ లినక్స్‌లో 64 బిట్లు. భాష అన్నిచోట్లా ఉన్నంత మాత్రాన అందులో రాసిన ప్రోగ్రామ్ అన్నిచోట్లా ఒకేలా నడుస్తుందనుకోవడానికి లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను ప్రోగ్రామ్ తాకే చోట్లే, అంటే తెర, ఫైళ్లు, ఫాంట్లు, ప్రింటర్ల దగ్గరే, ఇబ్బందులు వస్తాయి.

కాబట్టి మీకు నా సలహా ఇది: దుకాణంలో ఒక కంప్యూటర్‌పై ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్‌తో (సీ షార్ప్‌లో వెబ్ ప్రోగ్రామ్‌లు రాసే సాధనం) సర్వర్ నడపండి, తెరలన్నింటినీ బ్రౌజర్‌లో చూపండి. మ్యాక్, ఫోన్ అదే వైఫైలో ఉంటే చాలు, ఇంటర్నెట్ లేకపోయినా బిల్లు ఆగదు. సర్వర్‌గా వాడే కంప్యూటర్‌లో మాత్రం లినక్స్ గానీ, విండోస్ 10 లేదా ఆ తర్వాతది గానీ ఉండాలి.

మీరు ఎక్కువగా జాగ్రత్త పడవలసింది ప్రింటర్ విషయంలో. బిల్లులు ముద్రించే థర్మల్ ప్రింటర్లలో చాలావాటికి తెలుగు అక్షరాలు తెలియవు. రైతు పేరు తెలుగులో రావాలంటే ఆ వరుసను బొమ్మగా మార్చి పంపాలి. విండోస్‌లో ఈ పనికి అలవాటుగా వాడే సిస్టమ్ డ్రాయింగ్ లైబ్రరీని డాట్ నెట్ 7 నుంచి ఇతర సిస్టమ్‌లలో పూర్తిగా ఆపేశారు. దాని బదులు బొమ్మలు గీసే స్కియాషార్ప్‌ను, దానితో పాటు అక్షరాలను సరిగా కూర్చే హార్ఫ్‌బజ్‌ను వాడండి. రెండోది లేకపోతే ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడతాయి. ఫాంట్‌ను సిస్టమ్‌పై వదిలేయకుండా ప్రోగ్రామ్‌తోనే ఇవ్వండి, ఎందుకంటే విండోస్‌లో ఉండే నిర్మలా యూఐ లినక్స్‌లో ఉండదు.

ఇంకొక మాట. అడిగింది ఒక్క యజమానే అయితే, మిగతా దుకాణాల్లో సవ్యంగా నడుస్తున్న పాత సాఫ్ట్‌వేర్‌ను కదపకండి. ఈ మార్పుకయ్యే ఖర్చు భరిస్తామన్నవారికే దాన్ని ఇవ్వండి.

ప్రశ్న: తెలుగు పేర్లున్న ఫైల్‌ను నా పైథాన్ ప్రోగ్రామ్ లినక్స్‌లో చక్కగా చదువుతోంది. విండోస్‌లో కొన్ని ఫైళ్లకు పిచ్చి అక్షరాలు, కొన్నింటికి ఎర్రర్ వస్తున్నాయి. ఎందుకు?
– ఒక విద్యార్థిని, కాకినాడ

సమాధానం: ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (ఏ బైట్లు ఏ అక్షరమో చెప్పే పట్టిక) చెప్పకపోతే పైథాన్ ఆ సిస్టమ్ అలవాటును పాటిస్తుంది. లినక్స్‌లో అది సాధారణంగా యూటీఎఫ్-8. ఇండియా ఇంగ్లీషు అమరిక ఉన్న విండోస్‌లో విండోస్-1252. తెలుగు పొల్లును, కొమ్మును సూచించే బైట్లలో కొన్నింటికి ఆ పట్టికలో అసలు స్థానమే లేదు. అందుకే 'రామ' అన్న పేరు పిచ్చి అక్షరాలుగానైనా వస్తుంది, 'కృష్ణ' దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఫైల్ తెరిచే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయండి. ఎక్సెల్‌లో తెరవడానికి సీఎస్‌వీ ఫైల్ రాస్తున్నట్లయితే మాత్రం యూటీఎఫ్-8-సిగ్ (ఫైల్ మొదట్లో యూటీఎఫ్-8 అన్న గుర్తు పెట్టేది) అని ఇవ్వండి.