లా చదివిన కొడుకు సైన్యంలోకి వెళ్తానంటే

ప్రశ్న: నేను జిల్లా కోర్టులో ఇరవై ఎనిమిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. మా అబ్బాయి అయిదేళ్ల లా కోర్సు చివరి సంవత్సరంలో ఉన్నాడు. అమెరికా అంతర్యుద్ధంలో జనరల్‌గా ఎదిగిన బార్లో అనే వకీలు గురించి చదివిన దగ్గర నుంచి తానూ సైన్యంలోని న్యాయ విభాగమైన జాగ్ శాఖలో చేరి జనరల్ అవుతానంటున్నాడు. నా ఆఫీసు, క్లయింట్లు అన్నీ వాడి కోసం సిద్ధంగా ఉన్నాయి. ఇన్నేళ్ల చదువు వృథా కాదా? ప్రాక్టీసును, జాగ్‌ను పోల్చి వాడికి అర్థమయ్యేలా చెప్పండి.

జవాబు: పోల్చి చెప్పమన్నారు గానీ, మీ ఉత్తరం చదివితే మీ తరఫున వకాల్తా పుచ్చుకొని మీ అబ్బాయి మీద వాదించమన్నట్టే ఉంది. ఇటువంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తూనే ఉంటాయి. డాక్టర్లు క్లినిక్ గురించి, వ్యాపారులు దుకాణం గురించి, మీవంటి న్యాయవాదులు ఆఫీసు గురించి రాస్తారు. చదువు వృథా అవుతుందేమోనన్న మాట వెనుక, నా కుర్చీలో ఎవరు కూర్చుంటారన్న దిగులు ప్రతి ఉత్తరంలోనూ కనబడుతుంది. ఆ దిగులు తప్పని అనను, కానీ దాన్ని కొడుకు భవిష్యత్తు పేరుతో అడగడం మాత్రం సరి కాదు.

ముందుగా మీ అబ్బాయిని ఇంతగా ఆకర్షించిన ఫ్రాన్సిస్ చానింగ్ బార్లో సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ జీవితాన్ని మీరిద్దరూ సగం సగమే చదివినట్టున్నారు. 1834లో పుట్టి, 1855లో హార్వర్డ్ పట్టా పుచ్చుకొని, న్యూయార్క్‌లో న్యాయవాదిగా స్థిరపడుతున్న ఆయన, 1861 ఏప్రిల్‌లో యుద్ధం మొదలవగానే ఇరవై ఆరేళ్ల వయసులో ఒక మిలీషియా రెజిమెంటులో మామూలు సిపాయిగా చేరారు; అది కూడా ఏప్రిల్ 20న పెళ్లి చేసుకొని, మర్నాడే బయలుదేరి. 1862 సెప్టెంబరు 17న యాంటీటమ్ యుద్ధంలో తన రెజిమెంటుతో మూడు వందల మంది దాకా శత్రు సైనికులను బందీలుగా పట్టుకొని, తీవ్రంగా గాయపడి, రెండు రోజుల్లోనే బ్రిగేడియర్ జనరల్ అయ్యారు. సిపాయి నుంచి జనరల్ దాకా పట్టిన కాలం పదిహేడు నెలలు.

మీ అబ్బాయి బహుశా ఇక్కడే పుస్తకం మూసి ఉంటాడు. తరువాతి ఏడాది జులై 1న గెటిస్‌బర్గ్‌లో అదే బార్లో తన డివిజన్‌ను మిగతా సేనకు బాగా ముందున్న ఒక చిన్న గుట్ట మీదికి నడిపించి, పక్కలకు రక్షణ లేకుండా చిక్కుకొని ఓడిపోయి, గాయాలతో శత్రువు చేతికి చిక్కారు. 1864 మేలో స్పాట్సిల్వేనియా వద్ద శత్రువుల కందకాల మీద దాడికి ముందుండి పేరు నిలబెట్టుకున్నారు గానీ, సైనికులకు సేవ చేస్తూ వచ్చిన ఆయన భార్య అరబెల్లా ఆ జులైలోనే టైఫస్ జ్వరంతో మరణించారు. మీరు చదవవలసిన సగం దీని తరువాత ఉంది. యుద్ధం ముగిశాక ఆయన న్యాయ రంగానికే తిరిగి వచ్చి, 1872, 73లలో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్‌గా, ఆ నగర రాజకీయాలను గుప్పిట్లో పెట్టుకున్న ట్వీడ్ ముఠా అవినీతి మీద కేసులు నడిపారు. చదువు వృథా అయిందా అన్న మీ ప్రశ్నకు ఇంతకంటే నేను చెప్పగలిగింది లేదు.

అయితే మీ అబ్బాయికి నచ్చని మాట కూడా చెప్పాలి. బార్లో వకీలుగా జనరల్ కాలేదు, వకాల్తాను పక్కన పెట్టి తుపాకీ పట్టి అయ్యారు. జాగ్ అంటే జడ్జ్ అడ్వొకేట్ జనరల్ శాఖ. ఆ పేరులోని 'జనరల్'ను చూసి మోసపోయిన పిల్లలను నేను కొందరిని చూశాను. నల్లకోటూ, యూనిఫామూ రెండూ మీవే అంటూ ఈ దారికి ఈ మధ్య జరుగుతున్న ప్రచారం మీద నాకు అనుమానాలు చాలా ఉన్నాయి. సైనికులను విచారించే సైనిక న్యాయస్థానమైన జనరల్ కోర్టు మార్షల్‌లో జడ్జ్ అడ్వొకేట్ తప్పనిసరిగా ఉంటారు, న్యాయ విషయాల్లో సలహా ఇస్తారు. కానీ నేరం రుజువైందా లేదా అన్న తీర్పులో ఆయనకు ఓటు ఉండదు, ఓటు వేసేది సభ్యులైన సైనికాధికారులే. మిగతా పనిలో ఎక్కువ భాగం కమాండర్లకు న్యాయ సలహాలు, విచారణ కాగితాల పరిశీలన, ట్రిబ్యునళ్లలో, హైకోర్టుల్లో పడ్డ కేసులకు జవాబుల తయారీ. గౌరవప్రదమైన పనే, ఓపిక ఉన్నవారికి గొప్ప పని కూడా. కానీ సేనను నడిపించాలని కలలు కనేవాడికీ, కోర్టులో గొంతెత్తి వాదించాలని ఉవ్విళ్లూరేవాడికీ ఇద్దరికీ ఇందులో నిరాశే మిగలవచ్చు. ఖాళీలు కూడా తక్కువ. ఆరు పురుషులకు, మూడు మహిళలకు అని విడదీసిన తొమ్మిది ఖాళీల మీదే వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2025 ఆగస్టులో ఆ విభజన చెల్లదనీ, అందరికీ ఒకే మెరిట్ జాబితా ఉండాలనీ తీర్పు వచ్చింది. ఇంతకీ జాగ్‌లో చేరేవారికి ఇచ్చేది నిర్ణీత కాలపు ఉద్యోగమైన షార్ట్ సర్వీస్ కమిషన్; అది మొదట పదేళ్లు, ఆపైన మరో నాలుగేళ్లు పొడిగింపు. శాశ్వత కమిషన్ అందరికీ రాదు.

కనుక వాడిని అడగవలసింది ఒకటే: నీకు కావలసింది యూనిఫామ్‌లో న్యాయశాస్త్రమా, లేక సైన్యమేనా? సైన్యమే అయితే దారి సీడీఎస్, అంటే సైనికాధికారుల ఎంపికకు జరిగే కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష. అక్కడ వయసు గడువు ముందే ముగిసిపోతుంది, చివరి సంవత్సరం విద్యార్థులూ రాయవచ్చు కాబట్టి ఈ ఏడే రాయాలి. న్యాయశాస్త్రమే అయితే జాగ్‌కు ఇరవై ఏడేళ్ల దాకా అవకాశం ఉంది. ఈలోగా మీ ఆఫీసులోనే రెండేళ్లు పని చేసి, జాగ్ ఎంపికకు కావలసిన క్లాట్ పీజీ (లా పట్టభద్రులు రాసే ప్రవేశ పరీక్ష) రాసి వెళ్తే మరింత పరిణతితో వెళ్తాడు. రెండేళ్లు అన్నానని సంతోషపడి, ఆ రెండేళ్లలో పెళ్లి, ఇల్లు, పెద్ద క్లయింట్లు అంటూ వాడి కాళ్లకు బంధం వేయకండి. ఇరవై ఎనిమిదేళ్లు ఎదుటి పక్షం వాదన పూర్తిగా విన్నాకే జవాబిచ్చిన మీరు, సొంత కొడుకు వాదన వినకుండానే తీర్పు రాసేసి నా సంతకం అడుగుతున్నారు.

పదేళ్ల సర్వీసు ముగించి వచ్చినా వాడికి ముప్పై ఆరు దాటవు. సర్వీసు, పింఛను వివాదాలు, ట్రిబ్యునల్ కేసులు లోపలి నుంచి తెలిసిన న్యాయవాదికి పని కరువుండదు. మీ ఆఫీసు అప్పటికీ ఉంటుంది. ఈలోగా కోర్టు సెలవుల్లో కాకుండా పనిదినాల్లోనే రెండు రోజులు తీరిక చేసుకొని, వాడిని చెన్నైకి తీసుకువెళ్లండి. అక్కడ సాయుధ దళాల ట్రిబ్యునల్ బెంచి ఉంది, జాగ్‌కు ఎంపికైనవారు శిక్షణ పొందే అకాడమీ కూడా ఆ ఊళ్లోనే ఉంది. ట్రిబ్యునల్‌లో ఒక పూట వెనుక బెంచీలో కూర్చొని విచారణలు వినండి. బయటికి వచ్చాక ముందు వాడినే మాట్లాడనివ్వండి.